యుద్ధకాలపు హాలీవుడ్ కామెడీలను ఇవాళ చూడటం ఎలా: తయారీ, వరస, తప్పులు, సవరణలు

"పాత నలుపు తెలుపు ఇంగ్లీషు కామెడీలు బాగుంటాయంటారు, పెడితే అరగంటకే నిద్రొస్తోంది. ఎక్కడ మొదలుపెట్టాలి, ఎలా చూడాలి?" ఈ ప్రశ్న ఇప్పటికి చాలామంది అడిగారు. ఒక్కొక్కరికీ ఒక్కో ముక్క చెప్పే బదులు, మా ఇంట్లో నేను పాటించే పద్ధతి మొత్తం వరసగా రాస్తున్నాను. 1942 నుంచి 1959 దాకా వచ్చిన, రెండో ప్రపంచయుద్ధం నేపథ్యంగా నడిచే హాస్య, ప్రేమ కథలకే ఇది పరిమితం.

అన్నిటికంటే ముఖ్యమైనది ముందే చెప్పేస్తాను. ఈ సినిమాలకు సంవత్సరం ఒక్కటే తెలిస్తే సరిపోదు, నెల కూడా తెలియాలి. 1941 నవంబరులో రాసిన జోకు వేరు, 1942 మార్చిలో అదే జోకు విన్న చెవులు వేరు. ఆ తేడా చేతిలో ఉంటే సగం హాస్యం దానంతట అదే విచ్చుకుంటుంది. లేకపోతే ఎవరో ఎందుకో గబగబా మాట్లాడుకుంటున్నట్టు ఉంటుంది, అంతే.

## 1. ముందుగా తేదీ చీటీ రాసుకోండి

ఐదు నిమిషాల పని. ఒక కాగితం ముక్క మీద మూడు ముక్కలు రాయండి.

- షూటింగ్ ఎప్పుడు జరిగింది?
- జనం ముందుకు ఎప్పుడు వచ్చింది?
- ఆ రెండిటి మధ్య యుద్ధంలో ఏం జరిగింది?

ఉదాహరణకు ఎర్నెస్ట్ లూబిచ్ తీసిన 'టు బి ఆర్ నాట్ టు బి'. నాజీలు ఆక్రమించిన పోలండ్ రాజధాని వార్సాలో ఒక నాటక బృందం వేషాలు వేసి నాజీ రహస్య పోలీసులను, అంటే గెస్టపోను, బురిడీ కొట్టించే కథ. షూటింగ్ 1941 నవంబరు, డిసెంబరుల్లో జరిగింది. మొదలయ్యేనాటికి అమెరికా ఇంకా యుద్ధంలో లేదు. డిసెంబరు 7న అమెరికా నౌకా స్థావరం పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి జరిగింది, సెట్ మీద పని అలాగే నడిచింది. 1942 జనవరి 16న నాయిక కరోల్ లాంబార్డ్ యుద్ధ బాండ్ల ప్రచారం ముగించుకుని ఇంటికి తిరిగొస్తూ విమాన ప్రమాదంలో చనిపోయింది. ఆ తరవాత కొన్ని వారాలకు సినిమా విడుదలైంది. విమానంలో ఏం జరుగుతుందిలే అన్న అర్థం వచ్చే ఆమె మాట ఒకటి సినిమాలోంచి తీసేశారు.

ఇది తెలిసి చూస్తే ఆమె తెర మీదికి వచ్చిన ప్రతిసారీ ఆనాటి హాలు ఎంత నిశ్శబ్దంగా ఉండి ఉంటుందో ఊహకు అందుతుంది. చాలామంది విమర్శకులు అప్పట్లో ఈ సినిమా మీద ఎందుకు మండిపడ్డారో కూడా అర్థమవుతుంది.

ఇంకో సంగతి కూడా చీటీలో రాసుకోవాలి. ఆ సినిమాలో కాన్సెంట్రేషన్ క్యాంపు (నాజీల నిర్బంధ శిబిరం) అనే మాటతో జోకులున్నాయి. తీసినవాళ్లకు అప్పటికి తెలిసింది జైళ్లు, చిత్రహింసల గురించే. సామూహిక హత్యల పూర్తి రూపం లోకానికి తెలిసింది తరవాత. ఈ ఒక్క వాక్యం ముందే చెప్పకపోతే పక్కన కూర్చున్నవాళ్లు ఆ జోకు దగ్గర బిగుసుకుపోతారు. అది వాళ్ల తప్పు కాదు.

మనకు దగ్గరి గుర్తు కావాలంటే ఒకటుంది. ఆ సినిమా అమెరికాలో విడుదలైన కొద్ది వారాలకే, 1942 ఏప్రిల్ 6న, విశాఖపట్నం మీద, కాకినాడ మీద జపాన్ విమానాలు బాంబులు వేశాయి. నేను మా వాళ్లకు చూపించేటప్పుడు ఇదే చెబుతాను. వెంటనే ఆ తేదీ ఎవరిదో కాకుండా మనదైపోతుంది.

## 2. ఏడు మాటలు తెలుసుకుని కూర్చోండి

ఆనాటి ప్రేక్షకుడికి వీటి గురించి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. మనకు చెప్పాలి.

ఫోర్-ఎఫ్: సైన్యానికి ఆరోగ్యరీత్యా పనికిరాడని ఇచ్చే వర్గం. యువకుడికి అది పెద్ద అవమానం. కింది వరసలో నాలుగో సినిమా తీసిన ప్రెస్టన్ స్టర్జెస్ యుద్ధం నాటి కథల్లో ఈ అవమానం బాగా కనిపిస్తుంది.

రేషన్: 1942 నుంచి టైర్లు, చక్కెర, కాఫీ, పెట్రోలు, తరవాత మాంసం, వెన్న. కారు అద్దం మీద అతికించే ఎ, బి, సి అక్షరాలు ఆ బండికి ఎంత పెట్రోలు దొరుకుతుందో చెబుతాయి. మా అమ్మమ్మ కంట్రోలు గుడ్డ, కంట్రోలు కిరసనాయిలు అంటుండేది. ఆ కంట్రోలు అన్న మాటే ఇక్కడా పెట్టుకోండి, జోకు వెంటనే అందుతుంది.

నైలాన్ మేజోళ్లు: నైలాన్ పారాచూట్లకు వెళ్లిపోయింది. అందుకే ఒక జత మేజోళ్లు కానుకగా ఇస్తే అది బంగారం ఇచ్చినంత.

వార్ బాండ్: యుద్ధ ఖర్చుకు ప్రభుత్వం జనానికి అమ్మిన రుణపత్రం.

వ్యాక్: అమెరికా సైన్యంలో మహిళల విభాగం.

వాషింగ్టన్ ఇళ్ల కరువు: యుద్ధ కార్యాలయాల్లో పనికి వేలమంది ఒక్కసారిగా వచ్చిపడ్డారు. మంచం దొరకడమే గగనం.

ప్రొడక్షన్ కోడ్: దీని మీద కాసేపు ఆగాలి. 1934 నుంచి గట్టిగా అమలైన, 1968లో పోయిన సెన్సారు నియమావళి ఇది. భార్యాభర్తలకు కూడా విడివిడి మంచాలు చూపించే రోజులు. నేరుగా చెప్పలేని ప్రతి విషయాన్నీ దర్శకులు తలుపు, గోడ, టోపీ, దీపం ఆర్పడం లాంటి వాటితో చెప్పించారు. కాబట్టి తెర మీద ఒక తలుపు మూసుకుని కెమెరా బయటే నిలబడిపోతే, ఏమీ జరగలేదని అనుకోకండి. కథ అక్కడే జరుగుతోంది.

## 3. ప్రింటు, టీవీ సరిచూసుకోండి

సగంలో వదిలేశామన్న వాళ్లలో చాలామందికి అడ్డం పడింది సినిమా కాదు, టీవీ. మొదటిసారి నేనూ ఇక్కడే దెబ్బతిన్నాను. ముఖాలన్నీ అడ్డంగా సాగిపోయి, కదలికలు సీరియల్లోలా జారుతుంటే, పాత సినిమాలు ఇంతే కాబోలు అనుకుని కట్టేశాను. సెట్టింగులు మార్చాక అదే సినిమా వేరేలా కనిపించింది.

- చట్రం: 1953కు ముందు సినిమాల చట్రం దాదాపు చతురస్రంగా, 1.37:1 కొలతలో ఉంటుంది. కుడి ఎడమల నల్ల పట్టీలు ఉండాల్సిందే. స్ట్రెచ్, జూమ్ పెట్టొద్దు. జూమ్ పెడితే తల పైభాగం, చేతుల సైగలు తెగిపోతాయి.
- కదలిక: సినిమా సెకనుకు 24 ఫ్రేములు. టీవీ మధ్యలో తనవి కొన్ని కల్పించి చేరుస్తుంది. ఈ సెట్టింగును ఒక్కో కంపెనీ ఒక్కో పేరుతో పిలుస్తుంది: ట్రూమోషన్, మోషన్‌ఫ్లో, ఆటో మోషన్ ప్లస్. ఏ పేరుతో ఉన్నా ఆపేయండి. ఫిల్మ్‌మేకర్ మోడ్ ఉంటే అది నొక్కితే చాలు.
- రంగులు వేసిన కాపీ: నలుపు తెలుపుకు తరవాత రంగు పులిమిన కాపీలు దొరుకుతుంటాయి. తీసుకోవద్దు. వెలుగునీడలతో చూపు ఎటు తిప్పాలో దర్శకుడు ముందే నిర్ణయించాడు, రంగు ఆ పనిని చెడగొడుతుంది.
- ప్రింటు: ఉచితంగా దొరికే కాపీల్లో మాట సరిగా వినబడదు. 'హిజ్ గర్ల్ ఫ్రైడే' (1940) యుద్ధ కథ కాదుగానీ ఇందుకు మంచి ఉదాహరణ. అమెరికాలో దాని కాపీరైటు పునరుద్ధరించకపోవడంతో ఎవరు పడితే వాళ్లు అరిగిన కాపీలు వదిలారు. ఒకరి మాట మీద ఒకరి మాట పడే సినిమా అది, శబ్దం పోతే ఇంకేమీ మిగలదు. పునరుద్ధరించిన ప్రింటే వెతికి అద్దెకు తీసుకోండి.
- శబ్దం: అంతా మోనో. సరౌండ్ ఎఫెక్టులు ఆపేసి, మాటలు స్పష్టంగా వినిపించే మోడ్ పెట్టండి.
- సబ్‌టైటిళ్లు: ఇంగ్లీషు ఎంత బాగా వచ్చినా పెట్టుకోండి. యంత్రం దానంతట అది రాసినవి వద్దు, పేర్లన్నీ తప్పులే ఉంటాయి.

## 4. ఈ వరసలో చూడండి

విడుదలైన వరసలో చూడొద్దు. మనకు తేలిగ్గా అందేదాని నుంచి కష్టమైనదానికి వెళ్లాలి.

మొదట: 'ద మోర్ ద మెరియర్' (1943), 104 నిమిషాలు. వాషింగ్టన్‌లో ఇళ్ల కరువు. ఒక ఉద్యోగిని దేశసేవ అనుకుని తన ఫ్లాట్‌లో సగం అద్దెకు ఇస్తుంది. వచ్చిన ముసలాయన తన వాటాలో సగం ఒక సార్జెంటుకు ఇచ్చేస్తాడు. గది దొరక్క పీజీల్లో ముగ్గురేసి సర్దుకున్న ఎవరికైనా ఇది పరిచయమైన కష్టమే.

రెండు: 'ఐ వజ్ ఎ మేల్ వార్ బ్రైడ్' (1949). ఫ్రెంచి కెప్టెన్ ఒకడు అమెరికన్ వ్యాక్ అధికారిణిని పెళ్లాడతాడు. ఆమెతో అమెరికా వెళ్లాలంటే 1945 నాటి వార్ బ్రైడ్స్ చట్టం కింద వెళ్లాలి. ఫారాలు, పడకలు, ఓడలు అన్నీ భర్త వెంట వెళ్లే భార్యలను దృష్టిలో పెట్టుకుని చేసినవి. కథ జర్మనీలో మొదలవుతుంది, షూటింగులో చాలా భాగం కూడా అక్కడే జరిగింది. భార్య ఉద్యోగం మీద హెచ్-4 వీసాతో అమెరికా వెళ్లిన మన మగవాళ్లకు ఈ సినిమా రెండో సగం ఎవరూ వివరించక్కర్లేదు. ఆ కౌంటర్ల దగ్గర పడిగాపులు, ఆ ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ.

మూడు: 'టు బి ఆర్ నాట్ టు బి' (1942), 99 నిమిషాలు. చీటీ తప్పనిసరి.

నాలుగు: 'హెయిల్ ద కాంక్వరింగ్ హీరో' (1944). ముక్కు తుమ్ముల జబ్బుతో మెరైన్ దళం వెనక్కి పంపిన కుర్రాడు, ఆ సంగతి తల్లికి చెప్పలేక షిప్‌యార్డులో పనిచేస్తుంటాడు. పసిఫిక్‌లో యుద్ధం జరిగిన గ్వాడల్‌కెనాల్ దీవి నుంచి వచ్చిన ఆరుగురు మెరైన్లు అతన్ని వీరుడంటూ ఊరికి తీసుకెళతారు. ఊరంతా నమ్మేస్తుంది, మేయరుగా నిలబెడతామంటుంది. యుద్ధం ఇంకా నడుస్తుండగా ఇలాంటి కథ తియ్యడం ఎంత సాహసమో విడుదల తేదీ చూస్తే తెలుస్తుంది.

ఐదు: 'ఎ ఫారిన్ అఫేర్' (1948). ఇది చివర్లోనే చూడాలి. బిల్లీ వైల్డర్ శిథిలమైన బెర్లిన్‌ను విమానంలోంచి నిజంగానే చూపిస్తాడు. అయోవా రాష్ట్రం నుంచి వచ్చిన అమెరికా కాంగ్రెస్ (పార్లమెంటు) సభ్యురాలు ఒక అమెరికన్ కెప్టెన్‌కు అతని ఊరి నుంచి చాక్లెట్ కేకు మోసుకొస్తుంది. అతను దాన్ని నేరుగా బ్లాక్ మార్కెట్‌కు తీసుకెళ్లి పరుపుకు మార్చుకుంటాడు. ఆ పరుపు ఎవరి ఇంటికి వెళుతుందో చూస్తే సినిమా మొత్తం అందులోనే ఉంది: ఆకలి, ప్రేమ, అపరాధం, అన్నీ. కోడ్ కళ్లు కప్పడం ఎలాగో నేర్చుకోవాలన్నా ఈ పరుపే పాఠం.

రంగుల్లో కావాలి, పిల్లలున్నారు అంటే 'ఆపరేషన్ పెటికోట్' (1959) పెట్టండి. ఎరుపు, తెలుపు ప్రైమర్లు (అడుగు పూత రంగులు) చాలినంత లేక కలిపేస్తే గులాబీ రంగుకు మారిన జలాంతర్గామి కథ. అందులో టాయిలెట్ పేపరు కోసం కెప్టెన్ రాసే ఉత్తరానికి మూలం 1942లో స్కిప్‌జాక్ అనే నిజమైన జలాంతర్గామి కెప్టెన్ రాసిన ఉత్తరం.

## 5. చూస్తున్నప్పుడు ఏం గమనించాలి

మొదటి పావుగంట నియమాలు చెప్పే భాగం. అందులో నవ్వు రాకపోయినా కంగారు పడొద్దు, కానీ చూపు మాత్రం తిప్పొద్దు. అక్కడ నాటిన గింజే గంట తరవాత మొలుస్తుంది.

ఒక్క ఉదాహరణ దగ్గరగా చూద్దాం. లూబిచ్ సినిమాలో నటుడు టూరా, ఎర్హార్ట్ అనే గెస్టపో అధికారి వేషంలో ఒక గూఢచారిని మాటల్లో పెట్టాలి. లండన్‌లో మిమ్మల్ని కాన్సెంట్రేషన్ క్యాంపు ఎర్హార్ట్ అంటున్నారని ఆ గూఢచారి చెబుతాడు. టూరా పెద్దగా నవ్వుతాడు. తరవాత ఏం మాట్లాడాలో తోచక మళ్లీ అదే మాట అంటాడు, మళ్లీ నవ్వుతాడు. అతని నటన చాలడం లేదని మనకు తెలుస్తూనే ఉంటుంది.

కాసేపటికి కథ తిరగబడుతుంది. ఇప్పుడు టూరా ఆ గూఢచారి వేషంలో అసలు ఎర్హార్ట్ ముందు కూర్చుంటాడు. అదే మాట చెబుతాడు. అసలు ఎర్హార్ట్ కూడా అచ్చం అలాగే నవ్వుతాడు, అచ్చం అలాగే మళ్లీ అంటాడు. మీరు ఇలాగే అంటారనుకున్నాను అంటాడు టూరా. మనం చెడ్డ నటన అనుకున్నది నిజానికి నిఖార్సైన నకలు! మొదటి సన్నివేశంలో ఫోను చూసుకున్నవాడికి రెండోసారి నవ్వు రాదు.

రెండో ఉదాహరణ గోడది. 'ద మోర్ ద మెరియర్'లో నాయిక, సార్జెంటు పక్కపక్క గదుల్లో పడుకుని మాట్లాడుకుంటారు. జార్జ్ స్టీవెన్స్ కెమెరాను రెండు గదులూ ఒకేసారి కనిపించేలా పెట్టాడు. మధ్యలో పలుచని గోడ, ఇటు ఒక తల, అటు ఒక తల. సెన్సారు వేలు పెట్టడానికి ఏమీ లేదు, విడివిడి గదులే కదా. చూసేవాళ్లకు మాత్రం ఒకే మంచం మీద ఉన్నట్టే అనిపిస్తుంది. ఇక్కడ ఆపి, గోడను కంటితో చెరిపేసి చూడండి.

గమనించడానికి చిన్న జాబితా:

- రెండోసారి వచ్చిన మాట ఏది? ఎవరి నోట?
- తలుపు ఎవరు మూశారు, కెమెరా ఏ వైపు ఉండిపోయింది?
- యుద్ధం గదిలోకి ఎప్పుడు వచ్చింది? (తంతి, సైరను, సెలవు ముగిసే తేదీ)
- నవ్వు ఆగిపోయిన క్షణం ఏది?

చివరిదే నాకు అన్నిటికంటే ఇష్టం. 'ద మోర్ ద మెరియర్'నే తీసుకోండి. నాయకుడు రెండు రోజుల్లో ఆఫ్రికా వెళ్లిపోతాడు, తిరిగి వస్తాడో రాడో తెలియదు. ప్రేమ అంత తొందరగా నడవడానికి కారణం అదే. వీళ్లు ఇంత త్వరగా పెళ్లేమిటి అని మన పిల్లలు అడుగుతారు. జవాబు ఆ క్యాలెండర్‌లో ఉంది.

## 6. మనసు నొచ్చే చోట ఏం చెయ్యాలి

దాటెయ్యకండి, సమర్థించకండి. ఆపి మాట్లాడండి.

'ద మోర్ ద మెరియర్'లో ఇంటి మెట్ల మీద సన్నివేశం ఉంది. ఆమె మాట్లాడుతూ అతని చెయ్యి తొలగిస్తూనే ఉంటుంది, అతను మళ్లీ వేస్తూనే ఉంటాడు. ఇద్దరు నటుల పనితనం గొప్పది, ఆమెకూ ఇష్టమేనని కథ మనకు చెబుతుంది. అయినా ఆ చేతిని తొలగించడం ఆమె ఎన్నిసార్లు చెయ్యాల్సి వచ్చిందో ఇవాళ లెక్క కనిపిస్తుంది. రెండూ నిజమే. రెండూ పైకి అనండి.

అదే సినిమాలో పక్కింటి కుర్రాడి వల్ల సార్జెంటు మీద జపాన్ గూఢచారి అన్న అనుమానం పడి ఎఫ్‌బీఐ (అమెరికా కేంద్ర దర్యాప్తు సంస్థ) మనుషులు వస్తారు. అది నవ్వు కోసమే. కానీ తేదీ చీటీ తియ్యండి. 1942 ఫిబ్రవరి 19న అధ్యక్షుడు రూజ్వెల్ట్ 9066 ఉత్తర్వు మీద సంతకం చేశాడు. దాని కింద దాదాపు 1,20,000 మంది జపాన్ మూలాలున్నవాళ్లను ఇళ్లు ఖాళీ చేయించి శిబిరాల్లో పెట్టారు. ఎక్కువమంది అమెరికా పౌరులే. ఈ సినిమా ఆడుతున్నప్పుడు వాళ్లు ఆ శిబిరాల్లోనే ఉన్నారు. చీటీ కొన్ని జోకులను తెరిచినట్టే కొన్నిటిని మూసేస్తుంది కూడా, మూసుకోనివ్వండి.

రైలు పోర్టర్లు, వంటవాళ్లుగా కనిపించే నల్లజాతి నటుల పాత్రలూ ఇంతే. పిల్లలతో చూస్తుంటే ముందే చెప్పి కూర్చోండి, జరిగాక సర్దిచెప్పడం కష్టం.

## 7. ఎక్కువమంది చేసే తప్పులు, సవరణలు

తప్పు: రాత్రి భోజనాలయ్యాక పదిన్నరకు పెట్టడం.
సవరణ: ఆదివారం సాయంత్రం పెట్టండి. ఈ సినిమాలు చెవితో చూసేవి, అలసిన చెవికి అందవు.

తప్పు: రీమేక్ ముందు చూడటం. లూబిచ్ సినిమాకు 1983లో, స్టీవెన్స్ సినిమాకు 1966లో రీమేకులు వచ్చాయి.
సవరణ: అసలుది చూశాక, కావాలంటే.

తప్పు: ఒకే వారంలో ఐదూ ముగించడం.
సవరణ: వారానికి ఒకటి. మధ్యలో నచ్చిన ఒక సన్నివేశం మళ్లీ చూడండి, పూర్తి సినిమా కాదు.

తప్పు: అర్థం కాని ప్రతి మాట దగ్గరా ఆపి ఫోన్లో వెతకడం.
సవరణ: కాగితం మీద గీత గీసి ముందుకు వెళ్లండి. వేగమే హాస్యం ఇక్కడ, ఆపితే చచ్చిపోతుంది. ఆరో అంశంలో చెప్పినట్టు నొచ్చుకున్న చోట మాత్రం ఆపొచ్చు.

తప్పు: పెద్దవాళ్లకు కథ చెప్పకుండా కూర్చోబెట్టడం.
సవరణ: కథ ముందే చెప్పేయండి. పురాణం తెలిసే హరికథకు వెళతాం కదా. మా మామయ్యగారికి ఇంగ్లీషు సినిమా మాటలు అందవు. వార్సా కథ రెండు నిమిషాల్లో చెప్పి కూర్చోబెట్టాను. రంగస్థలం మీద టూరా షేక్‌స్పియర్ నాటకంలోని హామ్లెట్ స్వగతం మొదలుపెట్టగానే రెండో వరసలో ఒక యువకుడు లేచి వెళ్లిపోయే చోటుంది. "అయ్యో పాపం, పద్యం ఎత్తుకోగానే లేచిపోయాడు," అన్నారాయన. కుర్రతనంలో నాటకాలాడినవారు. సినిమా మొత్తంలో ఆయన ఇంకేమీ అడగలేదు.

కూర్చునే ముందు చివరిసారి:

- తేదీ చీటీ చేతిలో ఉందా?
- నల్ల పట్టీలు కుడి ఎడమల కనిపిస్తున్నాయా?
- మోషన్ సెట్టింగు ఆపారా?
- సబ్‌టైటిళ్లు మాటతో కలుస్తున్నాయా? (మొదటి నిమిషం ఆడించి చూడండి)
- ఫోన్లు వేరే గదిలో ఉన్నాయా?
- పిల్లలకు చెప్పాల్సినది చెప్పారా?
- టీ ముందే అయిందా?

మధ్యలో టీకి లేవాల్సి వస్తే, సన్నివేశం ముగిసి తెర చీకటయ్యే చోట ఆపండి. ఆనాటి సినిమాల్లో అలాంటి చోట్లు చాలా ఉంటాయి.